ముందు కొలువు, వెనుక లోగిలి

హైదరాబాదు నగరమున కోఠి అను పేరు ఎరుగనివారు అరుదు. పాఠ్యపుస్తకములు కొనవలెనన్నను, పెండ్లి బట్టలు కొనవలెనన్నను, ఊరి నలుమూలలకు బస్సు ఎక్కవలెనన్నను జనులు అచ్చటికే పోవుదురు. అయితే కోఠి అనగా పెద్ద భవనమనియు, ఆ పేట పేరంతయు ఒక్క ఇంటినుండి వచ్చినదనియు తలచువారు కొద్దిమంది. ఆ ఇల్లు నేటికిని నిలిచియున్నది. దాని కథ చెప్పుటకే ఈ ప్రసంగమును ఉద్దేశించితిమి. దానితోపాటు మరి మూడు నాలుగు ఇండ్ల ముచ్చటలు కూడ దొర్లును. ఇవన్నియు వేర్వేరు దేశముల గృహాలంకరణ రీతులను ఒకే ప్రాకారములో ఇమిడ్చిన ఇండ్లు.

ఈ కాలమున గృహాలంకరణమును గూర్చి మాటలాడువారు పలు రీతుల మేళవింపును ఒక క్రొత్త విషయముగ చెప్పుచుందురు. సోఫా ప్రక్కన ఉయ్యాలబల్ల, గాజు బీరువాలో కొండపల్లి బొమ్మ, పడకగదిలో జపాను తెర: ఇట్టివి పొసగునా, పొసగవా అని చర్చించుకొందురు. రంగులు కలిసినవా, కొలతలు కుదిరినవా అనుటతో ఆ చర్చ ముగియును. అది చాలదని మా అభిప్రాయము. ఏ వస్తువును ఏ గదిలో ఉంచిరి, ఆ గదిలోనికి ఎవరు రావచ్చును, ఎవరు రాకూడదు అని అడిగినగాని ఒక ఇంటి శైలి బోధపడదు. పాత ఇండ్లను ఈ ప్రశ్నతో చూచినచో రాజుల పట్టికలలో దొరకని సంగతులు కొన్ని దొరకును.

ఈస్టిండియా కంపెనీకిని, రెండవ నిజామగు నిజాం అలీఖానునకును 1798 సెప్టెంబరులో సంధి కుదిరెను. కంపెనీ పక్షమున దానిని కుదిర్చినవాడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. ఇతడు 1764లో మద్రాసులో పుట్టినవాడు. పారసీకము, హిందుస్థానీ ధారాళముగ మాటలాడెడివాడు. 1805 వరకు హైదరాబాదులో కంపెనీవారి ప్రతినిధిగ, అనగా రెసిడెంటుగ ఉండెను. ఇంట మొగలాయి దుస్తులు ధరించుటయు, దర్బారు మర్యాదలను తప్పక పాటించుటయు అతనికి అలవాటు. నిజాము అతనికి హష్మత్ జంగ్ అను బిరుదమిచ్చెను. అంతకుముందు రెసిడెంట్లు మూసీనది ఉత్తరపు గట్టుననున్న ఒక తోటలో పాత మంటపములలో కాపురముండిరి. అచ్చటనే క్రొత్త భవనమును కట్టింపవలెనని కర్క్‌పాట్రిక్ తలపెట్టెను.

ఈ స్థలమును గూర్చి ఒక ముచ్చట వాడుకలో ఉన్నది. కర్క్‌పాట్రిక్ ఆ తోట నేలను కోరుచు పెద్ద కాగితముపై దాని పటమును గీయించి కొలువులో సమర్పించెనట. నిజాము చూచి తల అడ్డముగ త్రిప్పెనట. పటము కొలతను చూచి ప్రభువు బెదరెననియు, రాజ్యమంతటి పటమైనను అంత పెద్దదిగ ఆయన ఎన్నడును చూచియుండలేదనియు మంత్రి మీర్ ఆలం తరువాత వివరించెనట. అదే నేలను చిన్న అట్టముక్కపై గీసి మరల చూపగా వెంటనే అనుమతి దొరకెనట. కథ ఎంతవరకు నిజమైనను, కొలువులో పని జరిగెడి తీరును చక్కగ పట్టినది. నిర్మాణ వ్యయమును నిజామే భరించెనని చరిత్రకారులు వ్రాసినారు. పరదేశపు ప్రతినిధి తన మీద అధికారము చెలాయించుటకు కావలసిన మేడను తానే కట్టించి యిచ్చుట ఆ నాటి రాజకీయము.

పని 1803లో ఆరంభమై 1806 నాటికి ముగిసినదని సాధారణముగ చెప్పుదురు. ప్రణాళిక గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళములోని లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్. ఎదుట నిలిచి చూచువారికి మొదట కనబడునవి ఎత్తైన మెట్లు, మెట్లకు ఇరుప్రక్కల సింహములు, వానిపై ఆకుల చెక్కడపు శిరస్సులుగల కోరింథియను స్తంభములు, స్తంభములపై త్రికోణపు ముఖభాగమున కంపెనీవారి రాజచిహ్నము. ఈ రీతికి మూలపురుషుడు ఇటలీ దేశపు శిల్పి ఆండ్రియా పల్లాడియో. ఆయన 1570లో వాస్తువును గూర్చి నాలుగు గ్రంథములు ప్రకటించెను. రోమకుల దేవాలయ ముఖమును తెచ్చి ధనవంతుని ఇంటికి అతికించుట ఆయన సూత్రము. ఇంగ్లండులోని ప్రభువులు దానిని రెండు శతాబ్దములు అనుకరించిరి. వెల్లెస్లీ 1799కిని 1803కిని నడుమ కలకత్తాలో కట్టించిన ప్రభుత్వ భవనము ఆ జాతిదే; దానికి మాదిరి ఇంగ్లండులోని కెడల్‌స్టన్ భవనము. కోఠిలోని మేడను అమెరికా అధ్యక్షుని శ్వేతభవనముతో పోల్చుట మన వారికి పరిపాటి. ఒకదానిని చూచి మరియొకటి కట్టినారని కొందరు తలచుదురుగాని, అట్లు కాదు. రెండును పల్లాడియో వంశపు సంతానములు. దాయాదుల పోలిక అది.

అయితే రూపము ఇటలీదైనను పదార్థము ఈ నేలది. రాతి పనివారును, తాపీ పనివారును ఇక్కడివారు. దక్షిణాదిని ఆ కాలమున మేలైన గచ్చు పనికి డంగు సున్నమును గానుగలో మెత్తగ నూరి, బెల్లపు నీరు, కరక్కాయ రసము, కోడిగ్రుడ్డు తెల్లసొన కలిపి, పొరపై పొర పూసి, నునుపు రాయితో రుద్ది మెరుగు పెట్టెడివారు. అట్లు మెరుగెక్కిన గచ్చు పాలరాతిని తలపించునని మద్రాసు వచ్చిన యూరోపియను యాత్రికులు ఆశ్చర్యపడి వ్రాసిరి. రోము నగరపు స్తంభము ఈ గడ్డపై నిలువవలెనన్న మన తాపీమేస్త్రి చేయి తోడు కావలసివచ్చెను. ఆ మేస్త్రీల పేర్లు గ్రంథములకు ఎక్కలేదు.

లోపల దర్బారు హాలు. కాగితపు గుజ్జుతో పోతపోసి రంగులు వేసిన పైకప్పు అలంకారములు, గోడల నిలువెత్తు అద్దములు, వ్రేలాడు దీపగుచ్ఛములు, వెనుక రెండు పాయలుగ చీలి పైకెక్కు మెట్లవరుస. ఇది పూర్తిగ ఆంగ్ల ప్రభువుల ఇంటి పద్ధతి. విందుకు వచ్చిన దొరలును, సంధిపత్రములు పట్టుకొని వచ్చిన ఉమ్రావులును ఈ హాలులోనే కూర్చుండెడివారు.

ఇదే ప్రాకారములో, మేడ వెనుక వైపున, వేరొక లోకము ఉండెను. దాని పేరు రంగమహలు. గోడలపై పక్షులు, పూవులు చిత్రించిన గదులు, నడుమ ముంగిలి, ముంగిటిలో నీటి తొట్టి, చిన్న చిన్న చిమ్మనగ్రోవులు, చుట్టు మంటపపు వసారాలు. కుర్చీ ఒక్కటియు అక్కరలేని ఇల్లు అది. తివాసీలు, బాలీసులు, పరదాలతో పూర్తిగ హైదరాబాదు జెనానా పద్ధతిలో అమర్చినది. అందు నివసించినది ఖైరున్నీసా బేగము. మీర్ ఆలమునకు బంధువులగు ఉన్నత వంశములో పుట్టిన ఈ బాలికను కర్క్‌పాట్రిక్ ఇస్లాము మతమును స్వీకరించి, ముస్లిము విధానమున వివాహమాడెను. ఆ సంగతి కలకత్తా చేరగా వెల్లెస్లీ విచారణ జరిపించెను. ఉద్యోగము పోవునంతటి గండము కర్క్‌పాట్రిక్‌నకు తప్పినది.

ఇచ్చట మా దృష్టిని ఆకర్షించినది ఒక చిన్న కట్టడము. మేడ వెనుక తోటలో, ఆ మేడకే నమూనాగ ఒక బొమ్మ ఇల్లు కట్టిరి. దాని శిథిలములు ఇటీవలి కాలము వరకు అచ్చట నిలిచియున్నవి. ఘోషాలోనున్న బేగము మేడ ముందువైపునకు పోయి చూడరాదు, పరపురుషుల కంటబడును. అందుచేత తన ఇల్లు ముందునుండి ఎట్లుండునో ఆమె చూచుటకై భర్త ఈ నమూనాను చేయించెనని జనశ్రుతి. ఇంటి యజమానురాలు ఇంటి ముఖమును బొమ్మలో చూచుకొనవలసివచ్చెనన్నమాట. రెండు శైలులు ఒకే తోటలో వెలసినవనుట నిజమే. కాని ఆ రెంటి నడుమ ఒక గోడ ఉండెను. ఆ గోడను దాటి ఇటునటు తిరుగగలవాడు యజమాని ఒక్కడు. దీనిని మేళవింపు అనవచ్చునా అను సందేహము మాకు కలుగకపోలేదు.

నిజమైన మేళవింపు ఆ ఇంటి పిల్లలలో జరిగినది. కొడుకు సాహెబ్ ఆలం, కూతురు నూరున్నీసా. అయిదేండ్లు నిండకుండగనే, 1805లో వీరిని మద్రాసు మీదుగ ఇంగ్లండునకు పంపివేసిరి. అచ్చట వారు విలియం జార్జి, కేథరిన్ అరోరా అను పేర్లతో పెరిగిరి. ఓడ ఎక్కుటకు ముందు జార్జి చినరీ అను చిత్రకారుడు మద్రాసులో వారి చిత్రమును వ్రాసెను. చిత్రము కూర్పు ఆంగ్ల సంప్రదాయము. పిల్లల దుస్తులు హైదరాబాదు కొలువు దుస్తులు. ఈ చిత్రము నేడు హాంకాంగు షాంఘై బ్యాంకువారి సేకరణలో నున్నది. పిల్లలు ప్రయాణమైన కొద్ది కాలమునకే, 1805 అక్టోబరు 15న, కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. తాను కట్టింప మొదలిడిన మేడ పూర్తియగుట అతడు చూడలేదనుకొనవలెను. ఖైరున్నీసా 1813లో హైదరాబాదున కన్నుమూసెను. పిల్లలను ఆమె మరల చూడలేదు. కూతురు, ఇంగ్లండులో అందరును కిట్టీ అని పిలిచినామె, పెద్దదైన పిదప ఒక ఇంటి గోడపై చినరీ చిత్రమును చూచి కన్నీరు కార్చెనందురు. 1841లో ఆమెకును హైదరాబాదులో బ్రతికియున్న అమ్మమ్మ షర్ఫున్నీసాకును ఉత్తరములు నడచినవి.

రంగమహలు ఎక్కువ కాలము నిలువలేదు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున జనులు రెసిడెన్సీపై దాడి చేసిరి. ఆ తరువాత తెల్లవారికిని, దేశీయులకును నడుమ ఎడము పెరిగినది. రెసిడెంటు పెరటిలో జెనానా ఉండుట అవమానముగ తోచెడి కాలము వచ్చెను. 1860 ప్రాంతమున రంగమహలును పడగొట్టిరి. మేడ మిగిలినది, లోగిలి పోయినది. పల్లాడియో స్తంభములను చూచి ఇది దొరల భవనమని నేడు మనము సులభముగ అనుకొనుటకు కారణము ఆ కూల్చివేతయే.

స్వాతంత్ర్యానంతరము, 1949లో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల ఈ భవనములోనికి వచ్చెను. ఆ కళాశాల నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైనది. ప్రపంచ స్మారక నిధి అను అంతర్జాతీయ సంస్థ తోడ్పాటుతో దర్బారు హాలుకు ఇటీవలి సంవత్సరములలో జీర్ణోద్ధరణ జరిగినది. ఖైరున్నీసా ఎక్కరాని ముందు మెట్లపై ఇప్పుడు డెబ్బది అయిదేండ్లకు పైగ ఆడపిల్లలు పుస్తకములతో ఎక్కి దిగుచున్నారు.

ఇంతవరకు చెప్పినది పాశ్చాత్య రీతి మన దేశమునకు వచ్చిన కథ. ఇదే కాలమున తెలుగువారి చేతిపని పశ్చిమమునకు పోయి అచ్చటి గదులను అలంకరించినది. ఈ సంగతి మనవారిలో తగినంతగ ప్రచారములో లేకపోవుట మాకు వింతగ నుండును. విశాఖపట్టణమున పదునెనిమిదవ శతాబ్దమున కంపెనీ ఉద్యోగులు ఇంగ్లండునుండి తెచ్చిన కుర్చీలను, బల్లలను వడ్రంగులకు మాదిరిగ ఇచ్చెడివారు. నల్లవిరుగుడు మ్రానుతో ఆ రూపమునే చేసి, అంచుల వెంబడి దంతపు రేకులు పొదిగి, ఆ దంతముపై సన్నని గీతలు గీసి, గీతలలో నల్లని లక్క నింపెడివారు. కుర్చీ కాళ్లు లండను పోకడ; అంచుల లతలు, పూవులు మన తీరపు అద్దకపు బట్టలలోనివి. అలెగ్జాండర్ వించ్ అనునతడు మద్రాసు గవర్నరుగ పనిచేసి స్వదేశమునకు పోయెను. అతని మరణానంతరము 1781లో అతని సామాను వేలము వేయగా, మూడవ జార్జి చక్రవర్తి దంతపు కుర్చీలను కొని రాణి షార్లెటునకు ఇచ్చెను. విశాఖపట్టణపు కమ్మరి, వడ్రంగి వీథులలో పుట్టిన కుర్చీలు ఆ విధమున ఇంగ్లండు రాణిగారి గదులను చేరినవి.

అద్దకపు బట్టల కథ మరింత రసవత్తరము. మచిలీపట్టణము మొదలుగ గల కోరమండల తీరపు రేవులనుండి పోయిన కలంకారీ బట్టలు ఇంగ్లండులో పడకలకు తెరలైనవి, కుర్చీలకు తొడుగులైనవి. తమ నేతగాండ్ర బ్రతుకు చెడుచున్నదని అచ్చట అల్లరులు జరుగగా పార్లమెంటువారు శాసనములు చేసిరి. 1722 నుండి రంగుల అద్దకపు నూలుబట్ట ధరించుటయు, ఇంట అలంకరించుటయు నిషిద్ధమయ్యెను. అయినను మోజు చావలేదు. ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ పడకకు కానుకగ వచ్చిన కోరమండల తీరపు తెరలను 1775లో సుంకపు అధికారులు పట్టుకొనిరి. గారిక్ భార్య ఆ తెరలకు తగినట్లు గది అంతయు సిద్ధపరచుకొని కూర్చుండెనట! ఆ పడక నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో నున్నది. గృహాలంకరణమునకు చట్టము అడ్డుపడిన ఉదంతములు చరిత్రలో తరచుగ దొరకవు. ఒక దేశపు ఇంటి తెరలో మరియొక దేశపు నేతగాని కూడు ఉన్నదని ఆ శాసనమువలన తెలియుచున్నది.

మరల హైదరాబాదునకు వత్తము. ఆసఫ్‌జాహీ ప్రభువుల చౌమహల్లా 1750 ప్రాంతమున సలాబత్ జంగు కాలమున ఆరంభమై, అఫ్జలుద్దౌలా పాలనలో, అనగా 1857కును 1869కిని నడుమ, పూర్తియైనది. ఖిల్వతు దర్బారున గచ్చు పని మొగలాయి సంప్రదాయము, పాలరాతి తఖ్తు కొలువు సంప్రదాయము, పైన వ్రేలాడు పందొమ్మిది స్ఫటిక దీపగుచ్ఛములు బెల్జియము సరకు. లోపలి మహళ్లలో ఆఫ్తాబ్ మహలు ముఖము యూరోపియను పోకడ. ఈ చౌమహల్లా జీర్ణోద్ధరణకు 2010లో యునెస్కోవారి పురస్కారము లభించినది. ఇచ్చట కలయిక కంటికి ఇంపుగ నున్నదని ఒప్పుకొనవలెను. దీపములు పై దేశపువైనను వాని క్రింద కూర్చుండు పద్ధతి మారలేదు. నేల నేలగనే ఉండిపోయినది. మాకు అదే కారణముగ తోచుచున్నది.

దివాన్ దేవుడీ ఇంకొక తీరు. ఇది సాలార్ జంగుల నివాసము. మొదటి సాలార్ జంగు 1853 నుండి 1883లో మరణించువరకు నిజాము రాజ్యమునకు దివానుగ ఉండెను. ఆ దేవుడీలో చైనా పింగాణి పాత్రలను గోడలలో పొదిగిన చీనీఖానా ఒకటి, అద్దముల గది ఆయినాఖానా ఒకటి, చెక్కపనితో తీర్చిన లక్కడ్ కోట ఒకటి. 1876లో ఆయన యూరపు పోయినప్పుడు రోములో బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా పాలరాతి విగ్రహమును కొనెను. ముసుగుచాటు స్త్రీ ముఖము రాతిలోనుండి కనబడు ఆ విగ్రహము ఘోషా ఇంటిలో వచ్చి నిలుచుట ఎంత చిత్రము! మనుమడు మూడవ సాలార్ జంగు 1949లో మరణించువరకు పోగుచేసిన వస్తువులు గదులన్నిటిని నింపినవి. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ ఆ దేవుడీలోనే మ్యూజియమును ప్రారంభించెను. అప్పుడు చూచినవారికి అది ఒక మనుష్యుని ఇల్లు. జపాను కత్తి ప్రక్కన ఫ్రెంచి గడియారము ఉండవచ్చును, ఆయన పెట్టినచోట ఉన్నది. 1968లో వస్తువులు మూసీ గట్టుననున్న నేటి భవనమునకు తరలిపోయినవి. యూరపు వస్తువులు యూరపు గదులకు, తూర్పు దేశపు వస్తువులు తూర్పు గదులకు చేరినవి. చదువుకొనువారికి ఇది మేలే. అయితే ఒక ఇంట కలిసిమెలిసియున్న వస్తువులు మరల తమ తమ దేశములకు పోయి కూర్చున్నట్లయినది. దివాన్ దేవుడీ తరువాత నేలమట్టమై అంగళ్లు వెలసినవి. దాని ద్వారములు మాత్రము మిగిలినవి.

ఫలక్‌నుమాను గూర్చి అందరును ఎరుగుదురు గనుక పెద్దగ చెప్పము. పైగా వంశీయుడగు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి, సుమారు పది సంవత్సరములలో ముగించెను. ఇటలీ పాలరాయి, విండ్సరు కోట గ్రంథాలయమునకు ప్రతిగ చేసిన గ్రంథాలయము, నూటయొక్కమంది కూర్చుండు భోజనపు బల్ల, ఇవన్నియు ముందు భాగమున. వెనుక జెనానా మహలు, గోల్ బంగళా దేశీయ రీతిని నడచినవి. ఖర్చు యజమాని చేయి దాటిపోగా 1897 ప్రాంతమున భవనము ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పాలయ్యెను. 2010 నుండి అది హోటలుగ నడచుచున్నది. కర్క్‌పాట్రిక్ పుట్టుకచే ఆంగ్లేయుడు, వికారుల్ ఉమ్రా పుట్టుకచే హైదరాబాదీ. ఇద్దరి ఇండ్లలోను వరుస ఒక్కటే: ముందు యూరపు, వెనుక దేశము, ముందు అతిథులు, వెనుక స్త్రీలు.

నవాబుల ఇండ్ల ముచ్చట మనకెందుకని శ్రోతలు అడుగవచ్చును. గోదావరి, కృష్ణా డెల్టాలలోని మండువా లోగిళ్లను చూడుడు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. మాగాణి పండినది, ధాన్యము ఓడలెక్కినది. తిరుగుటపాలో రంగూను టేకు కాకినాడ రేవున దిగినది. నాలుగువైపుల వసారాలు, నడుమ ఆకాశము కనబడు మండువా, వాన నీరు జారు తూము: ఈ ఎముకలగూడు పాతదే. దాని స్తంభములు బర్మా టేకు. పైన 1865లో మంగుళూరున బాసెల్ మిషనువారు స్థాపించిన కర్మాగారముతో వ్యాపించిన బంగాళా పెంకు. వీథివైపు హాలులో నాలుగు కుర్చీలు, గుండ్రని బల్ల, గోడ గడియారము, బెల్జియము అద్దము. అద్దము ప్రక్కన 1894లో బొంబాయిలో స్థాపితమైన రవివర్మ ముద్రణాలయపు లక్ష్మీ సరస్వతుల పటములు. అవి యూరపు తైలవర్ణ పద్ధతిలో గీసిన మన దేవతలు. ఇంక లోనికి పోయినచో పీటలు, భోషాణములు, దేవునిగది, మడి వంట. గడపకు పసుపు, కుంకుమ.

ఇచ్చట కూడ కుర్చీ హాలు దాటి లోనికి పోలేదు. తహసీలుదారు వచ్చినను, దొర వచ్చినను బూట్లతో హాలులో కూర్చుండి పోవుదురు. హాలుకును మండువాకును నడుమనున్న తలుపు ప్రక్కన ఇంటి స్త్రీలు నిలుచుండి మాటలు వినెడివారు. ధనవంతుల ఇండ్లలో ఆ హాలు ఎప్పుడును తుడిచి సిద్ధముగ ఉండును; దినమంతయు పనిచేయు వంటింటిలో పొగ పోవుటకు కిటికీ యుండదు. కొత్త శైలికి ఖర్చుపెట్టిన సొమ్ములో వంటింటివంతు చాల తక్కువ. దీనిని చూచి సిగ్గుపడవలసినవారు లేకపోలేదు.

ఆ హాలులోనికి తరువాత వచ్చిన పాశ్చాత్య వస్తువు రేడియో పెట్టె. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారములు ఆరంభించినది. పెట్టెకు ప్రత్యేకముగ ఒక బల్ల, దుమ్ము పడకుండ పైన నరసాపురపు లేసు గుడ్డ. ఆ లేసు అల్లిక కూడ పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీ స్త్రీలు గోదావరి తీరమున నేర్పినదే. అల్లినవారు మాత్రము ఇల్లు కదలని మన స్త్రీలు. హాలులోనికి రాని అత్తగారికి, కోడలికి పెట్టెలోని మాట తలుపు దాటి వంటింటివరకు వినబడినది. క్రమముగ వారే తలుపు దాటి వచ్చి పెట్టె ముందు చాపపై కూర్చుండిరి. కుర్చీలు ఖాళీగ నుండగా నేలపై చాప పరచిన హాలు అనేక గృహములలో ఉండెడిది. అలంకరణ శాస్త్రము ఎరిగినవారు ఆ కూర్పును మెచ్చకపోవచ్చును. మాకు మాత్రము అది చాల నచ్చును.

ఇప్పుడు ఆ మండువా ఇండ్లను ఒక్కొక్కటిగ విప్పుచున్నారు. వారసులు పట్టణములలోను, అమెరికాలోను ఉన్నారు, బాగుచేయించువారు లేరు. దూలములు, స్తంభములు, ద్వారబంధములు పాత కలప వ్యాపారులు కొనిపోవుచున్నారు. హైదరాబాదులోని క్రొత్త అపార్టుమెంట్లలో, విలాసపు హోటళ్లలో ఆ స్తంభము ఒకటి రెండు సోఫాల నడుమ నిలుచుచున్నది; పైకప్పు బరువు దానిపై లేదు. పూర్వము ధాన్యము దాచి తాళము వేసి లోపలి గదిలో ఉంచిన భోషాణము, గాజు పలక పరచుకొని, వచ్చినవారికి కాఫీ కప్పులు పెట్టు బల్లయైనది. దేవునిగది తలుపు రెక్కలు హాలు గోడకు వ్రేలాడుచున్నవి.